ప్రాణం మేకులు

మా అన్నగారు తోకుజో పోయిన ఐదవ నెలలో, మా వదినగారు మిసావో పచింకో అనే బంతుల జూదం ఆడే ఒక పాత యంత్రాన్ని దుప్పటిలో చుట్టి, అద్దెబండిలో నగోయా శివార్లలోని మా ఇంటికి తెచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకముందే వచ్చిన పని చెప్పారు.

"మరిదిగారూ, బోన్ పండగలోపల మీరు దీన్ని బాగుచెయ్యాలి. ఆయన పోయాక మొదటి బోన్ కదా, పోయినవాళ్ళందరిలాగే ఆయనా ఇంటికొస్తారు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా నేను ఆడాలి."

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముప్పయ్యేడు సంవత్సరాలు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన తరువాత నేను గోడ గడియారాలు బాగుచేయడం వ్యాపకంగా పెట్టుకున్నానని బంధువులందరికీ తెలుసు. అయినప్పటికీ పచింకో యంత్రం నా ఇంటి గడప దాటుతుందని నేను ఏనాడూ ఊహించలేదు. అన్నగారు 'హకుచో' అనే పచింకో హాలులో మేకుల పని చేసేవారు. నా తోటి ఉపాధ్యాయులకు మాత్రం ఆయన యంత్రాల వ్యాపారంలో ఉన్నారని చెప్పేవాణ్ణి.

"మీరెప్పుడూ ఆడలేదా, వదినగారూ?" అని ఆశ్చర్యపోయాను. ఆమె ఆ హాలులోనే పదకొండేళ్ళు పనిచేశారు.

"ఎక్కడాడతానండీ? నా పని వెనక సందులో. మెషిన్ల వీపుల మీద బంతులు పోసుకుంటూ పోవడమే. ముందు ఎవరు కూర్చున్నారో, గెలిచారో ఏడ్చారో, అంతా చప్పుడును బట్టి తెలుసుకోవడమే. పైగా పనివాళ్ళు ఆడకూడదని రూలొకటి."

1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం హాలు మూతపడింది. అన్నగారు ఒక్క యంత్రాన్ని అడిగి తెచ్చుకున్నారట. తెచ్చే ముందు చివరిసారిగా దాని మేకులు కొట్టి, "ఇవి నీకోసం కొట్టాను, ఆడితే నీకే తెలుస్తుంది" అన్నారట.

"ఏం తెలుస్తుందండీ అంటే నవ్వి ఊరుకున్నారు. తీరా తెచ్చేటప్పుడు బండి మీంచి పడి వెనకభాగం బిగుసుకుపోయింది. బాగుచెయ్యండి అంటే, మేకులు నా పని, వెనక సామాను మెకానిక్కు పని అనేవారు. ఆ మెకానిక్కుని పిలిచిందీ లేదు. ముప్పైమూడేళ్ళు కొట్టంలోనే ఉంది." ఆమె దుప్పటి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఇది ఇస్తుందా, మింగుతుందా? అదొక్కటీ నాకు తెలియాలి, మరిదిగారూ. ఇంకేం అక్కర్లేదు."

మర్నాడే పని ప్రారంభించాను. యంత్రం నిలువుగా గోడకు ఆనించే పెట్టె. ముందు గాజు తలుపు, లోపల ఆకుపచ్చ పలక, పలక నిండా సన్నని ఇత్తడి మేకులు. కుడిచేతి కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి వదిలితే ఉక్కుబంతి పైకి ఎగిరి, మేకుల మధ్య తడబడుతూ జారి, అదృష్టముంటే ఏదో ఒక గిన్నెలో పడుతుంది. అప్పుడు గంట మోగి పదిహేను బంతులు బయటికి వస్తాయి. అదృష్టం లేనిది అట్టడుగు కన్నంలో పడి మాయమవుతుంది. ఇంత చిన్న విషయానికి జనం ఉద్యోగాలు మాని ఎందుకు కూర్చునేవారో నాకు ఏనాడూ బోధపడలేదు.

వెనకభాగం మరొక రకమైన అయోమయం. అందులో విద్యుత్తు లేదు, గడియారానికి ఉన్నట్టి క్రమమూ లేదు. ఒక బంతి బరువుకు ఒక చెక్క ఊగుతుంది, ఆ చెక్క ఒక తీగను లాగుతుంది, ఆ తీగ ఎక్కడో ఒక మూతను తెరుస్తుంది. దేనికి ఏది కారణమో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రతి భాగానికీ సంఖ్య వేసి, పటం గీసి, విప్పాను. జిగురుగా మారిన పాత నూనెను గోకాను. వంగిన ఇరుసును సరిచేసి, తెగిన స్ప్రింగుకు బదులు గడియారపు స్ప్రింగును కత్తిరించి అమర్చాను. ఒక ఆదివారం ఉదయం చెక్కను వేలితో ఊపితే గంట ఠంగుమంది.

"ఏమండీ, వంటింట్లోకి ఈ నూనె గుడ్డలు రాకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని మా ఆవిడ కివా కేక వేసింది. ముప్పైమూడేళ్ళ తరువాత ఆ గంటకు దొరికిన మొదటి ప్రశంస అది.

పని అక్కడితో ముగించి ఉంటే సరిపోయేది. గాజు తుడవడానికి తలుపు తెరిచినప్పుడు మేకులను మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఏ రెండూ ఒక తీరుగా లేవు. ఒకటి పైకి లేచింది, ఒకటి పక్కకు వాలింది. నడిమి గిన్నెకు పైన జంటగా ఉన్న రెండు మేకులు తాగినవాళ్ళలా ఒరిగి ఉన్నాయి. నాకు కష్టం కలిగింది. అన్నగారి పనిని నేను గౌరవించకపోయి ఉండవచ్చు, కాని ఆయన పనివాడితనాన్ని ఏనాడూ శంకించలేదు. ఆయన కొట్టిన మేకులు సూటిగానే ఉండి ఉంటాయి. బండి మీంచి పడడమూ, కొట్టంలో ముప్పైమూడేళ్ళు పడి ఉండడమూ వాటిని ఇలా చేశాయి. వెనకభాగానికి గీసినట్టు వీటికి పటం గీయలేదు. తప్పుకు నకలు ఎవరు తీసుకుంటారు?

సన్నని పటకారు, మూలమట్టం పెట్టుకుని కూర్చుని పది రోజులలో రెండువందల పధ్నాలుగు మేకులనూ సరిచేశాను. ఆపైన ఒక్కొక్క తలనూ ఇత్తడి పాలిషుతో రుద్దాను. చివరికి ఆ పలక నా తరగతిలో ఉదయపు హాజరు వేళలా ఉంది. ఎవరూ అటూ ఇటూ ఒరగలేదు. అన్నగారు చూస్తే సంతోషిస్తారనుకున్నాను.

ఇక బంతులు కావాలి. ఇప్పటి హాళ్ళు తమ బంతులను బయటికి పోనివ్వవు. అన్నగారికి వచ్చిన కొత్త సంవత్సరపు కార్డుల కట్టలో వెతికి, హకుచోలో ఆయనతోపాటు మేకులు కొట్టిన కనియే అనే ఆయన చిరునామా పట్టుకున్నాను. బోన్‌కు రెండు రోజుల ముందు ఆయన పాత ఊరగాయ జాడీ నిండా ఉక్కుబంతులతో వచ్చాడు. బార్లీ టీ గ్లాసు అందుకుని యంత్రం ముందు కూర్చున్నాడు. ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

"ఎవడు చేశాడు మాస్టారూ ఈ పని?"

"నేనే," అన్నాను కొంత గర్వంగా.

"ఎవరైనా చెయ్యమన్నారా?"

"ఎవరు చెప్పాలి? అన్నీ వంకరపోయి ఉంటేనూ!"

కనియే గ్లాసు కింద పెట్టాడు. నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో నాకు తెలియలేదు. "మాస్టారూ, ఆ వంకరే కదా మా పని! మేకు సూటిగా కొట్టడానికి ఫ్యాక్టరీలో ఆడపిల్లలున్నారు. రోజూ రాత్రి హాలు కట్టేశాక మేం చిన్న సుత్తి పట్టుకుని కూర్చునేది దేనికనుకున్నారు? ఇదిగో, గిన్నె పైనున్న ఈ జంట ఉంది చూశారా, వీటిని ప్రాణం మేకులంటాం. బంతి కంటే సందు వెంట్రుకంత ఎక్కువుంటే మెషిన్ ఇస్తుంది. వెంట్రుకంత తక్కువైతే మింగుతుంది. అంతా ఇక్కడే."

"అయితే అన్నగారు ఎలా పెట్టారో ఎలా తెలుస్తుంది?"

"సుత్తి దెబ్బకి మేకు తల మీద గాటు పడుతుంది. దాన్ని బట్టి చెప్పొచ్చు." ఆయన జేబులోంచి భూతద్దం తీసి పలక మీదికి వంగాడు. చాలాసేపటికి లేచాడు. "అద్దాల్లా మెరిపించారు కదండీ. ఇక్కడేం మిగల్లేదు."

"పోనీ మీరు ఆయన పెట్టినట్టుగా పెట్టగలరా? అన్నేళ్ళు పక్కపక్కనే పనిచేశారు."

"పనిచేశాం. కాని మీ అన్నయ్య వంటావిడ మసాలా దాచినట్టు తన కొలతలు దాచేవాడు. నేను కొడితే అవి నా మేకులే అవుతాయి." కనియే మెడ గోక్కున్నాడు. "అయినా మీరెందుకు ఇంత కంగారుపడతారు? బాగా తెరిచి పెట్టేస్తాను. ఆవిడ నొక్కుతుంది, బంతులు గలగలా రాలతాయి, మా ఆయనకి నామీద ఎంత ప్రేమో అనుకుంటుంది. ఎవరికి తెలుస్తుంది? ఎవరికి నష్టం?"

పరీక్ష పత్రంలో అర మార్కు కోసం పిల్లవాణ్ణి ఫెయిలు చేసినవాణ్ణి నేను. వద్దనడానికి నోరు తెరిచాను. వదినగారి ముఖం గుర్తుకు వచ్చి నోరు మూసుకున్నాను. నా మౌనాన్ని కనియే అంగీకారంగా తీసుకుని టకటకమని ఎనిమిది దెబ్బలు కొట్టి, సుత్తి తుడుచుకున్నాడు.

ఆగస్టు పధ్నాలుగున కనియే తన చిన్న ట్రక్కులో యంత్రాన్నీ నన్నూ వదినగారి ఇంటికి చేర్చి, కొడుకుకు ఒంట్లో బాగోలేదని చెప్పి, లోపలికి రాకుండా పారిపోయాడు. వసారాలో మొదటి బోన్‌కు కట్టే తెల్లని లాంతరు వేలాడుతోంది. గదిలో అన్నగారి ఫొటో ముందు పళ్ళు, పోయినవారు ఎక్కి వచ్చి పోవడానికని పుల్లలు గుచ్చి చేసిన వంకాయ ఆవు, దోసకాయ గుర్రం ఉన్నాయి. యంత్రాన్ని ఫొటోకు ఎదురుగా నిలబెట్టి, వెనక తొట్టి నింపి, ముందు పళ్ళెంలో గుప్పెడు బంతులు పోశాను. వదినగారు అంత వేడిలోనూ ఉతికిన కిమోనో కట్టుకుని, హాలుకు వచ్చిన మనిషిలా మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు.

"చూడండి, ఆడుతున్నాను," అన్నారు ఫొటోతో.

మొదటి రెండు బంతులు పోయాయి. మూడోది నడిమి గిన్నెలో పడింది. గంట మోగి, పదిహేను బంతులు పళ్ళెంలోకి దూకాయి. "ఓహో!" అని ఆమె చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అయిదోది పడింది. ఏడోది పడింది. పళ్ళెం నిండి బంతులు చాప మీదికి దొర్లసాగాయి. నా గుండె కుదుటపడుతున్న సమయంలో ఆమె మీట మీంచి వేలు తీసేశారు.

"అంటే నన్నూ హాలుకొచ్చే గిరాకీల్లోనే జమకట్టారన్నమాట," అన్నారు నెమ్మదిగా.

నాకు అర్థం కాలేదు. "వదినగారూ, ఇచ్చింది కదా! ఇంతకంటే ఏమివ్వాలి?"

"తెరిచిన మేకులు ఎవరికి పెడతారో మీకు తెలీదు, మరిదిగారూ. కొత్తగా వచ్చినవాడికి పెడతారు. రుచి మరిగి వాడు రేపు మళ్ళీ రావాలి కదా! మా తమ్ముడొకసారి హాలుకొస్తే, వాడు కూర్చునే మెషిన్ని ఈయన గాలి కూడా దూరకుండా బిగించారు. అరగంటలో వాడి చేతిలో ఒక్క బంతి మిగల్లేదు. ఈయన్ని బండబూతులు తిట్టుకుంటూ పోయాడు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అదేంటండీ అంటే, మనవాడు కనకే మూశాను అన్నారు." ఆమె ఫొటో వైపు చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని పళ్ళెం వంక చూస్తున్నారు. "నాకు మూసుంటారనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

నేను చాప మీద నుదురు ఆనించి, జరిగినదంతా వరుసగా చెప్పాను. మూలమట్టం గురించి, పాలిషు గురించి, కనియే కొట్టిన ఎనిమిది దెబ్బల గురించి, నా మౌనం గురించి, ఏదీ దాచలేదు. తల ఎత్తేసరికి ఆమె ముఖంలో కోపం ఉందో ఊరట ఉందో పోల్చుకోలేకపోయాను.

"ముప్పయ్యేడేళ్ళు పిల్లల వ్యాసాలకి ఎర్రసిరా పెట్టారు. అది చాలక మీ అన్నయ్యకి కూడా పెట్టారా?"

"క్షమించండి."

"సరే, మీరు చేత్తో పట్టుకున్నారు కదా! ఆ రెండూ మొదట ఎటున్నాయి? దగ్గరికా, దూరానికా? అదైనా చెప్పండి."

కళ్ళు మూసుకుని జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. తాగినవాళ్ళలా ఒరిగి ఉన్నాయన్నది గుర్తుంది. ఒకదానివైపు మరొకటి ఒరిగాయా, దూరంగా ఒరిగాయా? నాకు కలిగిన చిరాకు స్పష్టంగా గుర్తుంది, మేకులు మాత్రం గుర్తు లేవు.

"నాకు తెలియదు, వదినగారూ."

బయట కీచురాళ్ళ రొద. ఆమె లేచి, అగరొత్తి బూడిద సర్ది, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"పటకారు తెచ్చారా?"

"సంచిలో ఉంది."

"మూసెయ్యండి."

"అన్నగారు అలాగే పెట్టారనడానికి మనకు ఏ ఆధారమూ లేదు," అన్నాను. ఆ స్థితిలో కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

"ఆధారం మీక్కావాలి. నేను ఆయనతో కాపరం చేశాను. మూసెయ్యండి."

గాజు తలుపు తెరిచి ప్రాణం మేకులను దగ్గరికి నొక్కాను. "ఇంకా," అన్నారు. నొక్కాను. "ఇంకా. వెంట్రుక కూడా దూరకూడదు." బంతి ఆ సందులోకి ఏమాత్రమూ దిగనంతగా నొక్కాను. ఒక యంత్రాన్ని తెలిసి తెలిసి పాడుచేయడం నా జీవితంలో అదే మొదలు.

ఆమె మళ్ళీ మీట మీద వేలు పెట్టారు. మొదటి బంతి పోయింది. "పిసినారి," అన్నారు ఫొటోతో. రెండోది పోయింది. "ఇంటికొచ్చిన రోజు కూడానా?" పదోది, ఇరవయ్యోది, అన్నీ ఆ మూసిన మేకులకు తగిలి, పక్కకు జారి, అడుగు కన్నంలో పడ్డాయి. గంట ఒక్కసారీ మోగలేదు. పోయిన ప్రతి బంతికీ ఆమె ఏదో ఒక తిట్టు తిడుతూనే ఉన్నారు, నడుమ నడుమ ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఆడిన ప్రతి బంతినీ పోగొట్టుకుంటున్న మనిషి చెంపలు అలా ఎందుకు ఎర్రబడ్డాయో నాకు బోధపడలేదు. నేను పక్కన కూర్చుని, తప్పు సరిచేశానో, మరొకటి చేశానో తేల్చుకోలేక, పటకారును రుమాలుతో తుడుస్తూ ఉండిపోయాను.

పళ్ళెం ఖాళీ అయింది. ఆమె అడుగున వేలితో తడిమి చూశారు.

"ఇంకేమైనా ఉన్నాయా, మరిదిగారూ? ఇందాక కొన్ని ఆ బీరువా కిందికి దొర్లాయి, చూడండి."

నేను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, చాప మీద బోర్లా పడుకుని, బీరువా కిందికి చెయ్యి చాచాను.