కడుపు సొర

రత్నం పుట్టింది చేపల మధ్య, పెరిగింది చేపల మధ్య. నాగాయలంక దాటి మడ అడవి అంచు దాకా పోతే వచ్చే పల్లె ఆమెది. ఎండుచేపల వాసనకు పట్నం వాళ్ళు ముక్కు మూసుకుంటే ఆమెకు నవ్వొచ్చేది. మీకు కంపు, మాకు కూడు అనేది. అలాంటి మనిషికి ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక చేప ముట్టుకుంటే చాలు, రోత పుట్టడం మొదలైంది. గంప దించగానే చేతులు సబ్బుతో రుద్దుకుంటుంది, వాసన చూసుకుంటుంది, మళ్ళీ రుద్దుకుంటుంది. గాలి సోకిందన్నారు ఊళ్ళో వాళ్ళు. గాలీ లేదు, ధూళీ లేదు. అసహ్యం. మనుషుల మీద పుట్టి చేపల దాకా పాకిన అసహ్యం.

అంతా కూతురు హారిక పురుడుతో వచ్చింది. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి తెచ్చుకున్నారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం, అందరూ సంతోషించారు. కానీ రోజులు గడుస్తున్నా హారికకు పాలు పడలేదు. పాపను రొమ్ముకు పెడితే కాసేపు చప్పరించి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకుని గుక్కపెట్టేది. ఆ ఏడుపు వినపడితే చాలు, వీధిలో ఆడవాళ్ళంతా తయారు. ఒకావిడ రొమ్ము నొక్కి చూసేది, ఇంకొకావిడ పెదవి విరిచేది. సంతలో పాడిగేదెను బేరం చేసినట్టు చేసేవాళ్ళు. హారికేమో గోడ వైపు మొహం తిప్పుకుని కన్నీళ్ళు కార్చేది.

ఇది చాలదన్నట్టు గుడివాడ నుంచి వియ్యపురాలు ప్రసన్నలక్ష్మి దిగింది. ఆవిడకు అక్కడి మార్కెట్లో చేపల దుకాణం ఉంది, నోరు ఆ దుకాణానికి సరిపడా ఉంది. వస్తూ వస్తూ పాలపొడి డబ్బా తెచ్చి, వీధిలో పోయేవాళ్ళకు కూడా కనపడేలా కిటికీలో పెట్టింది. సీసా కలిపిన ప్రతిసారీ, మా ఇంటా వంటా లేదమ్మా ఇది, అని పైకే అనేది.

ఆ పల్లెల్లో బాలింతకు పాలు పడాలంటే సొర పిట్టు పెడతారు. సొరచేపను పసుపేసి ఉడికించి, గరుకు తోలు వలిచి, మాంసాన్ని పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిరప, అల్లం, వెల్లుల్లితో వేయిస్తారు. హారిక పుట్టినప్పుడు రత్నమూ తిన్నది, పాలు ధారగా వచ్చాయి. అందుకే ఆమెకు ఆ పిట్టు మీద అనుమానమే లేదు. ప్రసన్నలక్ష్మికి అసలే లేదు.

"చేపలమ్ముకుని బతికే దానివి, పిల్లకి ఒక్క సొర తేలేకపోయావా వదినా? కడుపుతో ఉన్న సొరయితే మరీ మంచిది. లోపలి పిల్లల్తో సహా వండి పెడితే పాలు పొంగుకొత్తాయి" అంది ఆవిడ, పదిమందీ ఉండగా.

రత్నానికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే మచిలీపట్నం బస్సెక్కింది. మార్కెట్లో సొర లేదు. పాతికేళ్ళ నుంచి ఎరిగున్న అమ్మకందారు, ఇప్పుడు సొరలెక్కడివమ్మా అని ఆమె మొహం మీదే నవ్వాడు. ఆటో పట్టుకుని గిలకలదిండి హార్బర్‌కు వెళ్ళింది.

అక్కడ గట్టు మీద ఒక బోటు దించిన కుప్ప ఉంది. వేలెడంత చేపపిల్లలు, చితికిన పీతలు, మెత్తబడి కలిసిపోయి ఏది ఏమిటో తెలియని ముద్ద. కింద నుంచి నల్లటి నీరు కారుతోంది, పైన ఈగలు ముసురుతున్నాయి. చెరువు చేపల మేతకు పిండి కొట్టించడానికి లారీ ఎక్కించే సరుకది. సముద్రంలో పెరగాల్సిన వాటిని పిల్లలుగానే ఊడ్చుకొచ్చి, పిండి చేసి, చెరువులో ఇంకో చేప నోట్లో పోయడం. ఇంత తలమాసిన పని పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ సముద్రంలో చేప లేదని గోలపెడతారు. పారతో ఎత్తేవాడు బీడీ కాలుస్తూ, బురద ఎత్తినట్టు ఎత్తుతున్నాడు. రత్నం కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జన్మలో మొదటిసారి.

ఆ కుప్ప పక్కనే గొంతుక్కూర్చుని కృష్ణప్రియ చేపపిల్లల్ని ఏరి కొలుస్తోంది. చేపల మీద పరిశోధన చేసే అమ్మాయి, గుడివాడలో పంతుళ్ళ ఇంటి పిల్ల. ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టరు. మొదట్లో హార్బర్‌కు వస్తే వాంతి చేసుకునేదట, ఇప్పుడు ఆ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడుతుంది. రత్నం వాళ్ళ పల్లెకు కూడా వచ్చి పోతుంటుంది కాబట్టి ఇద్దరికీ చనువుంది. రత్నం తన గోడు చెప్పుకుంది. ఒకప్పుడు గంపలకొద్దీ పడే సొర ఇప్పుడు మందుకైనా లేకపోవడమేమిటి, కవళ్ళ లాంటి చిన్న చేపలేమో ఎంత పట్టినా ఏదో ఒక ఏడు మళ్ళీ దిగుతాయి గదా అని అడిగింది.

కృష్ణప్రియ చేతి తొడుగులు విప్పి నెమ్మదిగా చెప్పింది. కవళ్ళు గుడ్లు వేలకు వేలు నీళ్ళలో వదిలేసి పోతాయి. వాటిలో వీసమెత్తు బతికినా మంద నిలబడుతుంది. సొర అలా కాదు. పెరిగి ఈడుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఆ పైన బాలింతలకు పెట్టే ఈ పాల సొర ఇంచుమించు ఏడాది మోసి, ఏ మూడో నాలుగో కంటుంది. భూమ్మీద చెట్లు పుట్టకముందు నుంచీ సొర జాతి ఉంది. పెద్ద ప్రాణి, తినేవాళ్ళు తక్కువ, కాబట్టి కొద్ది పిల్లల్నే కడుపులో దిట్టంగా పెంచి కన్నవాటి సంతానం ఎక్కువ మిగిలింది. మిగిలినవి మళ్ళీ అలాగే కన్నాయి. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు, తరాల మీద అలా స్థిరపడిపోయింది.

"ఇప్పుడు వల వచ్చిందండీ రత్నం గారూ. అవి తీరు మార్చుకోవాలంటే ఎన్ని తరాలో కావాలి. వలకు ఒక్క పూట చాలు. పుట్టేవాటికంటే పోయేవి ఎక్కువైతే ఏ జాతైనా అయిపోతుంది. కడుపుతో ఉన్నవాటిని పట్టడమంటే, ఇంక లెక్క చెప్పాల్సిన పనే లేదు" అంది కృష్ణప్రియ.

రత్నానికి ఆ మాట సూటిగానే తగిలింది. కానీ ఇంటి దగ్గర కిటికీలో పాలడబ్బా ఉంది. ఉత్త చేతులతో తిరుగు బస్సెక్కింది, దారంతా ముక్కులోంచి ఆ కుప్ప వాసన పోలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె సొంత అన్న పోతయ్య అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పడవ ఉన్న మనిషి, నాకు తెలియని నీళ్ళు లేవనే మనిషి. బందరు దాకా ఎందుకు పోయావు, నన్నడిగితే సరిపోయేదిగా అన్నాడు. కడుపుతో ఉన్న సొరలు ఈ రోజుల్లో మడ అడవి పాయలోకి, లోతులేని గోరువెచ్చటి నీళ్ళలోకి ఈనడానికి వస్తాయని అతనికి తెలుసు. పాయ నోటికి అడ్డంగా వల కడితే అవే వచ్చి పడతాయి. రత్నం నోట్లో కృష్ణప్రియ మాట మెదిలింది. లోపల పాప గుక్కపెట్టింది. సరే అన్నా, పట్టుకురా అంది.

మర్నాడు ఎండెక్కకముందే పోతయ్య సొరను తెచ్చి పెరట్లో పడేశాడు. రెండు మూరల పొడవుంది, పొట్ట ఇంతెత్తున ఉంది. ప్రసన్నలక్ష్మి పీట వేసుకుని కూర్చుంది, వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. రత్నం కత్తిపీట ముందేసుకుని పొట్ట కోసింది.

నాలుగు పిల్లలు జారిపడ్డాయి. ఒక్కోటి జానెడు పైన, రెక్కలూ తోకా కళ్ళూ అన్నీ తీరి ఉన్నాయి. ఒక్కోదాని రెండు రెక్కల నడుమ నుంచి ఒక బొడ్డుతాడు తల్లి లోపలికి పోయి ఉంది. రెండు కదల్లేదు. రెండు మాత్రం మట్టిలో పొర్లుతూ నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. రత్నం ఎన్ని వేల చేపలు కోసిందో ఆమెకే తెలియదు, ఏనాడూ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆగింది. గబగబా తాడు తెంపి ఒకదాన్ని బకెట్ నీళ్ళలో వేసింది. అది ఒక చుట్టు ఈది పక్కకు ఒరిగిపోయింది. ఆడవాళ్ళలో ఎవరో, వదిన చేపలకు పురుడు పోస్తందర్రా అని నవ్వారు. అందరూ నవ్వారు.

హారిక ఎప్పుడు లేచి వచ్చిందో గడపలో నిలబడి ఉంది. చంకలో పాప. పాప బొడ్డు ఇంకా ఊడలేదు, క్లిప్పుతో నల్లగా ఎండి ఉంది. హారిక ఆ తాళ్ళ వంక చూసింది, తన పిల్ల పొట్ట వంక చూసింది, గోడకు చెయ్యి ఆనించి వాంతి చేసుకుంది.

"అది నేను తిననమ్మా. నా దగ్గరికి ఎవర్నీ రానియ్యొద్దు" అంది. పాపతో లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

రత్నం వెళ్ళి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఎవరు వచ్చి తట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టింది. ప్రసన్నలక్ష్మి తిట్టింది, బతిమాలింది, చివరికి బంగారం లాంటి సరుకు పాడు చేసుకుంటామా అని తనే పొయ్యి వెలిగించింది. తల్లినీ పిల్లల్నీ ఒకే గిన్నెలో ఉడికించింది. పాలడబ్బా తెచ్చినావిడ, సొర కావాలని రచ్చ చేసినావిడ, పళ్ళెం నిండా పిట్టు పెట్టుకుని పోతయ్యతో కలిసి వేళ్ళు నాకుతూ తిన్నది. ఉప్పు కొంచెం తగ్గిందని కూడా అంది. రత్నానికి ఆ వేళ్ళు చూస్తే హార్బర్ కుప్ప చూసినట్టే అనిపించింది.

లోపల హారికను నొక్కేవాళ్ళు లేరు, పెదవి విరిచేవాళ్ళు లేరు. పాప ఏడ్చినప్పుడల్లా రొమ్ముకు పెట్టుకుంది, పెట్టుకుని తనూ ఏడ్చింది. పొద్దు వాలుతుండగా తలుపు తీసింది. రవిక ముందు భాగమంతా తడిసి ఉంది. పాప పెదవి చివర తెల్లటి చుక్క పెట్టుకుని నిద్రపోతోంది. రత్నం కూతురి తల నిమిరి, ఏడవకుండా ఉండాలని చూసి, ఏడ్చేసింది.

ఆ సంతోషం నిండా ఒక పూట నిలవలేదు. ప్రసన్నలక్ష్మి ఫోన్ అందుకుంది. వండిన వాసనకే పాలు దిగినాయి, కడుపు సొర మహిమ అట్టాంటిది అని గుడివాడలో అందరికీ చెప్పింది. పోతయ్య సొర ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. రెండో రోజుకల్లా చుట్టుపక్కల పల్లెల నుంచి, అవనిగడ్డ నుంచి, బందరు నుంచి కడుపు సొర కావాలని మనుషులు రావడం మొదలైంది. రత్నం అరుగు మీద నిలబడి అందరికీ చెప్పింది: నా కూతురు ఒక్క మెతుకు ముట్టలేదు, అది చూసి వాంతి చేసుకుంది, ఒంటరిగా వదిలేస్తే పాలు వచ్చినాయి అని. జనం విన్నారు. పోతయ్య ఆమె వంక జాలిగా చూశాడు.

"అయితే పాలొచ్చినాయా, లేదా?" అన్నాడు.

జనానికి ఆ ఒక్క మాట చాలింది.

పోతయ్య రోజూ పాయకు వల కట్టాడు. మొదట్లో రోజుకొకటి పడింది. వచ్చినవాళ్ళు అక్కడికక్కడే పొట్టలు కోయించుకుని, లోపల పిల్లలున్నాయని కళ్ళారా చూసుకుని మరీ పట్టుకుపోయారు. కావాలనే వాళ్ళు ఎక్కువయ్యారు, పడేవి తగ్గాయి. తర్వాత వల ఖాళీగా లేచింది. నీళ్ళు చెడిపోయాయన్నాడు పోతయ్య. అవి వేరే పాయలోకి మళ్ళాయన్నాడు. వేరే పాయలకూ వల కట్టాడు.

చివరికి ఒక ఉదయం నవ్వుతూ వచ్చాడు. వెనక గంపతో ఇద్దరు ఆడవాళ్ళు, కోడళ్ళకు కావాలని పొద్దుటి నుంచీ కాచుకున్నవాళ్ళు. తవుడు గోనెలోంచి సొరను తీసి రత్నం ముందు పెట్టాడు. మూరెడు కూడా లేదు. కోసివ్వమన్నాడు. రత్నం కోయనంది. ఈ మధ్య నీకు మరీ నెత్తికెక్కింది అని కత్తిపీట తన వైపు లాక్కుని తనే పొట్ట చీరాడు. వేళ్ళు పెట్టి అటూ ఇటూ కెలికాడు. వాళ్ళిద్దరూ వంగి చూశారు.

"లోపల పిల్లల్లేవేంటే?" అన్నాడు.

రత్నం ఆ సొరను వెల్లకిలా తిప్పింది. రెండు రెక్కల నడుమ, తాడు ఊడిన చోట, ఇంకా పూడని గీత ఎర్రగా ఉంది. మొన్న మొన్ననే ఏ తల్లో వల తప్పించుకుని ఈనింది.

"ఇదే పిల్ల అన్నా" అంది.

పోతయ్య వేళ్ళు గోనెకు తుడుచుకున్నాడు. ఇద్దరిలో ఒకావిడ, అయితే ఇదే ఇచ్చెయ్యి, లేనిదానికంటే నయం గదా అని గంప ముందుకు జరిపింది. రత్నం లేచి పంపు దగ్గరకు పోయి సబ్బు తీసుకుంది. గదిలోంచి పాప చప్పరిస్తూ పాలు తాగుతున్న చప్పుడు వినపడుతోంది.