మా తోడల్లుడి నియామక పత్రం

మా తోడల్లుడు ఓబెద్ పింకమ్‌ను రేవు సుంకాధికారిగా నియమిస్తూ దేశాధ్యక్షుడు స్వయంగా సంతకం పెట్టిన పత్రం వచ్చిన రోజున మా ఊరు కోల్డ్‌హామ్‌లో ఎవరూ పని చెయ్యలేదు. ఎండబెట్టిన చేపల్ని ఎండకే వదిలేసి ఊరంతా వాళ్ల ముందుగదిలో దూరింది. అరచెయ్యంత ముద్ర, కింద ఆ సంతకం.

"కాగితం ఇంత మందంగా ఉందేం?" అని అడిగింది మా అత్తగారు కెజాయా బార్లో.

"తోలు అత్తయ్యా. గొర్రెతోలు," అన్నాడు ఓబెద్ గర్వంగా.

"అయ్యో పాపం! నిన్ను అధికారిని చెయ్యడానికి ఓ గొర్రె చావాల్సొచ్చిందన్నమాట."

ఆవిడ అనడంలో తప్పు లేదు. ఓబెద్ అంతవరకు ఏ పనిలోనూ నిలదొక్కుకోలేదు. కొవ్వొత్తులు పోస్తే వంకరగా వచ్చాయి. చర్చిలో పాట నేర్పితే ఉన్న గొంతులు కూడా పోయాయి. ఇంగ్లండు రాజు మీద చేసిన యుద్ధంలో మాత్రం ఒక కర్నలుకు ఉత్తరాలు రాసిపెట్టాడు. ఆ కర్నలు ఇప్పుడు రాజధానిలో పెద్దమనిషి. సంగతి అదీ.

అత్తగారికి చదువు రాదు. అందుకని పత్రం నేనే చదివి వినిపించాను. 'అధ్యక్షులవారి ఇష్టం ఉన్నంత కాలం' ఇతను ఈ ఉద్యోగంలో ఉంటాడు అన్న చోట ఆవిడ నన్ను ఆపింది.

"ఎంత తెలివైనవాడమ్మా ఆ అధ్యక్షుడు! టబిథాని వీడికిచ్చినప్పుడు నేనూ అలాంటి షరతే పెట్టుకోవాల్సింది."

టబిథా అంటే ఓబెద్ భార్య, అత్తగారి పెద్దకూతురు. రెండోదాన్ని నేను చేసుకున్నాను. అత్తగారికి ఒక ఓడ ఉంది, దాన్ని నడిపేవాణ్ణి నేను. దీవుల నుంచి చెరకు పాకం పీపాలు తెచ్చేవాళ్లం. సగానికి సుంకం కట్టేవాళ్లం, సగం రేవుకి ఇవతలే, కొంగల మూల అనే మరుగు చోట, ముందే దింపేసేవాళ్లం. ఇంగ్లండు రాజు ఉన్నప్పుడూ ఇదే పద్ధతి. రాజు పోయాడని పద్ధతి మార్చుకోవడం ఆవిడకి నచ్చలేదు.

ఆ జూన్‌లో నలభై పీపాలతో వచ్చాను. తెల్లవారుజామున పదిహేను దింపేసి, మిగతా పాతికతో రేవులోకి ప్రవేశించేసరికి ఓబెద్ చిన్న పడవలో ఎదురొచ్చాడు. కొత్త నీలం కోటు. పత్రాన్ని రేకు గొట్టంలో పెట్టి మెడలో వేలాడేసుకున్నాడు. మా ఓడ నిచ్చెన పట్టుకోబోయి తప్పి, దబ్బున నీళ్లలో పడ్డాడు. గొట్టం తాడు తెగి తేలింది. ఓబెద్ తేలలేదు.

"ముందు కాగితం తియ్యండ్రా!" అని గట్టు మీంచి అరిచింది అత్తగారు. "మనిషిదేముంది, టబిథాకి ఇంకోడు దొరుకుతాడు!"

మేం కాగితాన్నీ మనిషినీ కూడా తీశాం. ఓబెద్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా పీపాలు లెక్కపెట్టి, గట్టెక్కి, ఆవిడ ముందు నిలబడ్డాడు.

"పాతిక ఇక్కడున్నాయి. కొంగల మూల దగ్గరున్న పదిహేను కూడా రాస్తున్నాను అత్తయ్యా."

"అక్కడున్నాయని ఎవడు చెప్పాడు?"

"ఒకరు చెప్పాలా? పోయినేడు అక్కడ పీపాలు మోసింది నేనేగా. నడుం ఇంకా నొప్పే."

"మరి అప్పుడు లేని బుద్ధి ఇప్పుడెక్కడ్నించొచ్చింది?"

"అప్పుడు నేను ప్రమాణం చెయ్యలేదు."

ఆవిడ గొంతు మార్చింది. మొగుడు పోయినదాన్నంది. చలికాలంలో తెరచాప చిరిగిందంది. కళ్లు కూడా ఒత్తుకుంది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే అయింది. ఓబెద్ ఒంటి మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, కలం మాత్రం ఆగలేదు.

ఇంటికెళ్లగానే అత్తగారు నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది.

"రాయి. అధ్యక్షులవారికి. మీరు పెట్టిన ఓబెద్ పింకమ్ వట్టి దొంగ. పదేళ్లుగా సుంకం ఎగ్గొట్టిన పీపాలు మోశాడు."

రాశాను. "ఎవరి పీపాలో రాయొద్దా? అడుగుతారు కదా."

"నా..." అని ఆగింది. తర్వాత కాగితం లాక్కుని పొయ్యిలో వేసింది.

అంతలో టబిథా వచ్చింది. రాజీకి వచ్చిందేమో అనుకున్నాం.

"అమ్మా, ఈయన్ని పెళ్లిచేసుకుని పదకొండేళ్లయింది. ఒక్కసారీ నీకు ఎదురుచెప్పగా చూళ్లేదు. ఇవాళ వణుకుతూ అయినా చెప్పాడు. ఆ పత్రం పీకించాలని చూశావో, నీ గడప తొక్కను."

కూతురు వెళ్లిపోయాక అత్తగారు కాసేపు బీన్స్ గిన్నెలో గరిటె తిప్పుతూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి నలభై పీపాలకూ సుంకం కట్టేసింది. రసీదు చేతికి తీసుకుని ఓబెద్‌ని కిందికీ పైకీ చూసింది.

"నేను కట్టానంటే ఊరంతా కట్టాలి. మన చర్చి పెద్ద, డీకన్ హోమర్ ఓడ రేపొస్తోంది. ఉప్పు చేపలంటాడు, నమ్మకు. పడవ తీసుకురా, నేనూ వస్తా."

"మీరెందుకు అత్తయ్యా?"

"నీకు నీళ్లలో పడటం తప్ప ఏమొచ్చు?"

డీకన్ ఓడలో పదో పీపాని చేతికర్రతో కొట్టి, "ఈ చేప గుడగుడమంటోందేం డీకన్‌గారూ?" అని అడిగింది. మూత తీస్తే రమ్ము. ఆదివారం ప్రార్థనలో డీకన్ ముందు వరసలోంచి వెనక వరసలోకి మారాడు. తర్వాత ఆ తీరంలో ఆవిడకి తెలియని మూల లేదని, దాచిన ప్రతివాడికీ తెలిసొచ్చింది. ఓబెద్ రాసేవాడు, ఆవిడ తవ్వేది. ఇద్దరూ పడవలో పోట్లాడుకుంటూ వెళ్లి, పోట్లాడుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. టబిథా ఇద్దరికీ కలిపి ఒకే మూటలో రొట్టె కట్టేది.

శరదృతువులో నేను దీవుల నుంచి తిరిగొచ్చాను. సొంత అత్తగారి ఓడ, సొంత తోడల్లుడి తనిఖీ. భయమేముందిలే అనుకున్నాను. ఓబెద్‌తో కలిసి ఓడెక్కిన ఆవిడ తిన్నగా నా గదిలోకి నడిచి, మంచం కింద కర్ర పెట్టి పొడిచింది. రెండు చిన్న జిన్ను సారా పీపాలు దొర్లుకుంటూ వచ్చాయి.

"అత్తయ్యా, అవి నా కీళ్లనొప్పులకి..."

"పెద్దల్లుడుగారూ," అంది ఓబెద్‌తో, పెళ్లయ్యాక మొదటిసారి అంత మర్యాదగా. "చిన్నల్లుడుగారి పేరు స్పష్టంగా రాసుకోండి. తర్వాత కాదంటాడు."