పది తూటాలు, ఎనిమిది తగిలాయి

నా తమ్ముడు గిరి శవం మీద వేసిన గులాబీ దండకు ఒక రిబ్బను ఉంది. రిబ్బను మీద సెక్యూరిటీ ఏజెన్సీ పేరు. మార్చురీ బయట ఫోటో తీస్తున్నవాడు పేరు మడతలో పడిందని వంగి దాన్ని సరిచేశాడు. సరిచేస్తున్నప్పుడు వాడి మోచేయి గిరి గడ్డానికి తగిలింది. వాడు పట్టించుకోలేదు.

ఫోటో అయ్యాక ఏజెన్సీ మేనేజరు చంద్రు నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"రాజక్కా, ఈడొక సంతకం పెట్టు. మిగతాదంతా మేం చూసుకుంటాం."

చదివాను. గిరికీ, అతనితోపాటు గేటు డ్యూటీ చేసే ముత్తురాజ్‌కీ పాత పగ ఉందట. ముత్తురాజ్ చంపుతానని బెదిరించాడని గిరి నాతో చెప్పాడట.

"వాళ్లిద్దరూ ఒక డబ్బాలో అన్నం తినేవాళ్లు చంద్రూ. పగ ఏంది?"

"అక్కా, మనం మనం తెలుగోళ్లం. ఏజెన్సీ ఓనరు వరదయ్య గారు కూడా మనోళ్లే గదా. ఆ ముత్తురాజ్ అరవోడు. వాడి కోసరం నువ్వేంది ఇంత యోచన చేస్తా ఉండావు?"

మా వాళ్లు ఈ తమిళ ఊరికి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. వరదయ్య గారిది సౌకార్‌పేటలో నాలుగంతస్తుల ఇల్లు. ఆ ఇంటి మెట్లు గిరి ఏనాడూ ఎక్కలేదు. బతికున్నప్పుడు గేటు దగ్గర ఆపిన మనిషిని, చచ్చాక మనవాడు అంటున్నారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, రేపు చెప్తానన్నాను.

మరునాడు దహనం అయింది. సాయంత్రం అమ్మణి వచ్చింది. ఆమె కూడా ఆ ఏజెన్సీలో గార్డే. గిరి పోయిన రోజు మనలిలోని రసాయనాల ఫ్యాక్టరీ గేటు డ్యూటీలో ఉన్న ముగ్గురిలో ఆమె ఒకతె. చెప్పులు బయట విడిచి, గోడకు ఆనుకుని కూర్చుని, జరిగింది చెప్పింది.

ఆ ఫ్యాక్టరీలో పొడి మూటలు మోసే కాంట్రాక్టు ఆడవాళ్లు నలభై మంది. చేతులకు తొడుగులు ఇవ్వరు. తోలు ఊడిపోతుంది. తొడుగులు ఇచ్చేదాకా మూట ఎత్తమని వాళ్లు గేటు ముందు కూర్చున్నారు. లోపల లారీలు ఆగిపోయాయి.

"చంద్రు సార్ వచ్చి ముత్తురాజ్‌ను పైకి కాల్చమన్నాడు. సుమ్మా, ఊరికే బెదిరించేదానికి, అన్నాడు. ముత్తురాజ్ ఆకాశంలోకి ఒకటి కాల్చాడు. ఆడోళ్లు లేచి చెల్లాచెదురు అయినారు. గిరి అడ్డం పోయి, పరిగెత్తబాకండి, పడతారు, అంటా ఉండాడు. ముత్తురాజ్ చెయ్యి దించతా ఉండాడు టీచరక్కా. కాల్చలా. దించతా ఉండాడు. అది దానంతట అదే పేలింది."

"దానంతట అది ఎట్లా పేలుతుంది?"

"నాకు తెలీదు. మాకెవురికీ తెలీదు. ఆ పిస్తోలు వచ్చి మూడు వారాలే. అంతకుముందు పాత రివాల్వర్ ఉండేది. ఒక పిస్తోలు, మూడు షిఫ్టులు. బెల్టు విప్పి ఒకరు ఇస్తే ఇంకొకరు కట్టుకోవాల్సిందే."

"మరి మీకు ప్రాక్టీసు?"

అమ్మణి తల దించుకుంది. మూడు నెలలకొకసారి ఒక రిజిస్టరు వస్తుందట. అందులో ముందే రాసి ఉంటుంది: పది తూటాలు కాల్చాడు, ఎనిమిది తగిలాయి. కింద గార్డు సంతకం పెట్టాలి. ఇరవై ఆరు మంది గార్డులు, అందరికీ ఎనిమిదే.

"ఇప్పుడు పోలీసులు ఆ రిజిస్టరు జెరాక్సే చూపిస్తా ఉండారు. వీడు నేర్చుకున్నోడు, గురి తప్పడు, కావాలనే కొట్టాడు అని. హత్య కేసు పెట్టారు."

ఆ రిజిస్టరు నాకు తెలుసు. పోయిన వేసవిలో గిరి దాన్ని ఇంటికి తెచ్చాడు, మిగతా గార్డుల చేత సంతకాలు పెట్టించాలని. మా వంటగది బల్ల మీదే సంతకం పెట్టాడు. నువ్వెప్పుడు కాల్చావురా అని అడిగాను. నవ్వాడు. నేనూ నవ్వాను. పేరు గుండ్రంగా రాయరా, కోడి గీకినట్టుంది, అన్నాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు అబద్ధం రాయకూడదని చెప్తున్నదాన్ని, ఆ రోజు దస్తూరీ దిద్దాను.

ఆదివారం మధ్యాహ్నం రేషను కొట్టు వెనక రేకుల షెడ్డులో గార్డులు కలిశారు. మూటలు మోసే ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్ల తరఫున పంకజం ముందు కూర్చుంది. సగం మాటలు తమిళం, సగం తెలుగు. మొదటి అరగంట ఒకరినొకరు తిట్టుకున్నారు.

"మా మీదికి తుపాకి ఎత్తి, ఇప్పుడు మా సాయం కావాల్నా?" అంది పంకజం.

"మేమేం సరదాకి ఎత్తినామా? ఎత్తకుంటే ఆ పొద్దే తీసేస్తారు," అన్నాడు ఆనందన్. గార్డులందరిలో పెద్దవాడు, యాభై ఎనిమిదేళ్లు.

"సంతకం దొంగదని చెప్పండి, ముత్తురాజ్ బయటికొస్తాడు," అన్నారెవరో.

"చెప్తే? దొంగ సంతకం పెట్టినందుకు మనం లోపలికి పోతాం. నా కూతురు కాలేజీ మధ్యలో ఉండాది. నేను చెప్పను పా," అన్నాడు ఆనందన్.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి లేచాడు. పొట్టి జుట్టు, నిటారు వెన్ను. ఆయన పేరు చెప్పగానే గార్డులు గుసగుసలాడారు. జయప్రకాష్, రిటైరైన హవల్దారు, చిత్తూరు వైపు మనిషి. శిక్షణ ఇచ్చినట్టు రిజిస్టర్లో ప్రతి పేజీలో ఉన్నది ఆయన పేరే.

"వచ్చినాడు మన వాధ్యారు, పాఠం చెప్పే సారు," అంది అమ్మణి. "మూడేండ్లలో మొకం చూసేది ఇప్పుడే."

ఆయన ఆ మాట పడ్డాడు. "నేనూ పెట్టినా సంతకం. పింఛను చాలక పెట్టినా. తిట్టండి, పడతా. ఐతే గిరి ఎట్ట చచ్చిపోయినాడో చెప్పి పోతా."

ఆనందన్‌ను ముందుకు పిలిచి, తన చూపుడు వేలికి అతని చూపుడు వేలు కొక్కెంలా తగిలించాడు.

"లాగు."

ఆనందన్ లాగాడు. హవల్దారు వేలు బిగించాడు. పళ్లు కొరికి లాగితే తప్ప వేలు రాలేదు.

"ఇది మీ పాత రివాల్వర్. ప్రతి సారీ ఇంతే బరువు. వేలు ట్రిగ్గరు మీటకు ఆనించి తిరిగినా పేలదు. మీకందరికీ అదే అలవాటు, అవునా? ఇప్పుడు కొత్త పిస్తోలు. మొదటి గుండు ఇంతే బరువు. రెండోది లాగు."

ఆనందన్ మళ్లీ అదే బలంతో లాగాడు. ఈసారి హవల్దారు వేలు వదులుగా ఉంచాడు. ఆనందన్ చెయ్యి ఎగిరి, పక్కన కూర్చున్న పంకజం భుజానికి కొట్టుకుంది.

"అంతే," అన్నాడు హవల్దారు. "మొదటిది పేలినాక తూటాను కొట్టే సుత్తి వెనక్కే నిలబడతాది. రెండోదానికి ఊపిరి చాలు. సుత్తిని దించేదానికి పక్కన చిన్న మీట ఉంటాది. ఎవరికన్నా తెలుసా?"

ఎవరికీ తెలియదు. మా గిరి ప్రాణం ఆ చిన్న మీట తెలియక పోయింది. నేను చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకున్నాను.

"కొత్త పిస్తోలు చేతికొస్తే, ఎంత కాల్చినోడైనా మొదటి నుంచీ నేర్చుకోవాల్సిందే. రెండు వారాలు ఖాళీది పట్టాలి. మీట మీదికి వేలు పోకుండా పక్కన చాపి ఉంచడం చెయ్యికి రావాలి. గొట్టం మీద సీసా మూత పెట్టి మీట నొక్కాలి. మూత పడిందంటే నువ్వు నొక్కలా, గుంజినావని అర్థం. కొత్త చెయ్యి శబ్దానికి ముందే ఉలిక్కిపడి పిస్తోలు మూతి కిందికి వంచతాది. అది పొయ్యేదానికే వందసార్లు పడతాది. ఆ తర్వాత ఐదు గజాల నుంచి, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చాలి. కన్ను ముందు గురి మీద, గొట్టం కొసనుండే ముక్క మీద ఉండాల, మనిషి మీద కాదు. అట్ట నేర్చినాక పదిలో ఎనిమిది తగిలితే, అప్పుడు రాయాల ఎనిమిది అని."

"అట్టయితే అదే అడగదాం," అన్నాడు ఆనందన్, ఉత్సాహంగా. "మాకు సరిగా నేర్పించు అని అడగదాం. గురి కుదిరితే ఎవురూ చావరు గదా."

పంకజం భుజం రుద్దుకుంటూ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

"గురి ఎవురి మీద, అన్నా? గేటు ముందర కూర్చునేది నేను. నేర్వని చెయ్యి గిరిని చంపె. నేర్చిన చెయ్యి నన్ను చంపతాది. నాకు జాస్తి తేడా తెలీలా."

అమ్మణి లేచింది. "నేను చెప్తా, నేను కాల్చలేదని. నాతో ఎంతమంది?" ఆ రోజు లేచిన చేతులు తొమ్మిది. ఆనందన్ చెయ్యి లేవలేదు.

ఈ సంగతి వరదయ్య గారికి చేరింది. మంగళవారం ఒక బస్సు వచ్చింది. గార్డులందరికీ ఫైరింగ్ ప్రాక్టీసు అన్నారు. చంద్రు నాకూ ఫోన్ చేశాడు. "రాజక్కా, నువ్వూ రా. మేం ఎంత బాగా నేర్పతామో చూసి సంతకం పెడుదువు." వెళ్లాను.

రెడ్‌హిల్స్ దాటాక ఒక ప్రైవేటు మైదానం. పందిరి కింద వరదయ్య గారు తెల్ల చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. ప్లేట్లలో బాదుషాలు. మార్చురీకి వచ్చిన ఫోటోవాడే ఇక్కడా ఉన్నాడు. ఇరవై ఐదు గజాల దూరంలో అట్టలు నిలబెట్టారు. వాటి మీద నల్లగా మనిషి ఆకారాలు. ఆకారాలకు ముఖాలు లేవు.

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. కొత్త పేజీలో ముందే రాసి ఉంది: పది తూటాలు, ఎనిమిది తగిలాయి. తేదీ గిరి చావడానికి రెండు వారాల ముందుది.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి," అన్నారు వరదయ్య గారు నాతో, బాదుషా తుంచుతూ. "పోయినోడు తిరిగి రాడు. ఉండేవాళ్ల బతుకు చూడాల గదా. ఈ అమ్మణి ఉంది చూడు, బంగారం లాంటి పిల్ల. ఫోటోలో ముందు నిలబెట్టమన్నా."

అమ్మణికి పిస్తోలు ఇచ్చారు. అదే పిస్తోలు కాదు, అది పోలీసుల దగ్గరుంది. అదే రకం. ఆమె కాళ్లు కొంచెం ఎడం చేసి నిలబడింది. రెండు చేతులతో పట్టుకుంది. చూపుడు వేలు మీట జోలికి పోకుండా పక్కన నిటారుగా చాపి ఉంచింది. కన్ను ముందు గురి మీద నిలిపింది. "సూపర్ మా," అని ఫోటోవాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వరదయ్య గారు తల పంకించారు.

అమ్మణి కాల్చలేదు. షెడ్డులో హవల్దారు నోటితో చెప్పినట్టే, పిస్తోలు కింది నుంచి తూటాల పెట్టె లాగి బల్ల మీద పెట్టింది. పై భాగం వెనక్కి లాగితే లోపలున్న తూటా మట్టిలో పడింది. ఖాళీ పిస్తోలు రిజిస్టరు పక్కన పెట్టి, పెన్ను తీసుకుంది. 'పది' కొట్టేసి సున్నా రాసింది. 'ఎనిమిది' కొట్టేసి సున్నా రాసింది. వెనక పేజీలు తిప్పుతూ తన పేరున్న ప్రతిచోటా అదే చేసింది.

"ఏయ్, ఏం చేస్తా ఉండావు?" చంద్రు అరిచాడు.

"లెక్క సరిచేస్తా ఉండా సార్. నేను ఎప్పుడూ కాల్చలా. ఇంక మీదట ఎవురి చేతిలోనన్నా పేలితే సాక్షికి ఈ పేజీ ఉండాల."

రెండో గార్డు వచ్చి పిస్తోలు ముట్టుకోకుండానే పెన్ను అందుకున్నాడు. తర్వాత మూడోవాడు. చంద్రు రిజిస్టరు లాక్కోబోతే హవల్దారు అడ్డం నిలబడ్డాడు. ఆయన కూడా ప్రతి పేజీలో తన పేరు పక్కన 'నేర్పలేదు' అని రాశాడు. వరదయ్య గారు లేచి నిలబడి, మీ అందరి మీదా ఫోర్జరీ కేసు పెట్టిస్తాను, ఒక్కడికి కూడా ఈ ఊళ్లో పని దొరకదు, అన్నారు. మూతికి చక్కెర పాకం అంటుకునే ఉంది.

అందరికన్నా చివర ఆనందన్ మిగిలాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు పేజీ వైపు చూశాడు. "నా కూతురు తిడతాది," అన్నాడు ఎవరితోనో. తర్వాత రాశాడు. పన్నెండు పేజీలు. ప్రతి సున్నా రెండుసార్లు దిద్దాడు.

రిజిస్టరు చంకలో పెట్టుకుని అమ్మణి బస్సు ఎక్కింది. చంద్రు ఆపమని అరుస్తున్నా, అమ్మణి మాట మీద డ్రైవరు మమ్మల్ని నేరుగా మనలి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లాడు. దారిలో నేను గార్డుల వాంగ్మూలాలు రాశాను. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాశాను. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. చివర నాది రాశాను: నా తమ్ముణ్ణి ముత్తురాజ్ చంపలేదు. నేర్పని ఆయుధాన్ని చేతికిచ్చి, కాల్చమని చెప్పి, నేర్పామని అబద్ధం రాసినవాళ్లు చంపారు. ఆ అబద్ధం రాస్తుంటే చూసి నేను ఊరుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మా కాగితాలు తీసుకున్నాడు. తీసుకుని, అమ్మణినీ ఆనందన్‌నూ హవల్దారునూ లోపల కూర్చోబెట్టాడు. రిజిస్టరు దొంగతనం, తప్పుడు పత్రాలు. మిగతావాళ్లను బయటికి తోశారు. ముత్తురాజ్ మీద హత్య కేసు అలాగే ఉంది.

మరునాడు నేను బడికి సెలవు పెట్టి ఫ్యాక్టరీ గేటుకు వెళ్లాను. పంకజం వాళ్లు కూర్చున్నారు. ఇరవై మందికి పైగా గార్డులు యూనిఫాం లేకుండా వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. ఆనందన్ కూతురు కాలేజీ సంచితోనే వచ్చింది. గేటు దగ్గర కాపలా గది ఖాళీగా ఉంది.

రెండు గంటలకు ఒక వ్యాను వచ్చింది. ఏజెన్సీ వేరే జిల్లా నుంచి పన్నెండు మంది కొత్త గార్డులను దించింది. పంకజం లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది. తిట్టలేదు. ఈ గేటులో ఏం జరిగిందో, ఎవరు చనిపోయారో, ఎవరు జైల్లో ఉన్నారో, రిజిస్టర్లో ఏం రాసి ఉండేదో చెప్పింది. హవల్దారు చూపించినట్టే ఒక గార్డు వేలికి తన వేలు తగిలించి లాగమంది. ఆమె వేళ్ల మీద తోలు లేదు. అతను ఆ వేళ్ల వైపు చూసి లాగడానికి జంకాడు.

చంద్రు కొత్త పిస్తోలు తెచ్చాడు. బెల్టు తొందరలో ఎక్కడో వదిలేశాడేమో, పిస్తోలు ఒట్టి చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. కాగితం చూసి ఒక పేరు పిలిచాడు. ఆ పేరు గలవాడు కదల్లేదు. ఇంకో పేరు పిలిచాడు.

"అయ్యా, దీంతో నేనెప్పుడూ కాల్చలేదు," అన్నాడు రెండోవాడు.

"నేర్చుకోవచ్చు. ముందు పట్టుకో."

"వద్దయ్యా."

చంద్రు మూడో పేరు, నాలుగో పేరు పిలిచాడు. కొత్త గార్డులు వెనక్కి జరిగి, పంకజం వాళ్లున్న వైపు నిలబడ్డారు. చంద్రు చుట్టూ చోటు ఖాళీ అయింది. అతను ఎటు తిరిగితే అటున్న జనం పక్కకు తప్పుకుంటున్నారు. అప్పటిదాకా అతనికి తట్టలేదు, తూటాలున్న ఆ వస్తువును పేలకుండా కింద పెట్టడం తనకూ తెలియదని. చెయ్యి చాచి పిస్తోలును ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

"ఎవరన్నా దీన్ని పట్టుకోండి," అన్నాడు.

ఎవరూ పట్టుకోలేదు.