ఎడమ దిక్కు జాలి

మా మనుమడు బిట్టు బండి మారుస్తనని అన్న దినం మా ఇంట్ల ఎవ్వరం సక్కగ తినలే. పొద్దుగాల పూట అది. నా కొడుకు బాలకృష్ణ పొలానికి నీళ్లు పెట్టొచ్చి, కాళ్లు కడుక్కొని కూసున్నడు. నేను జొన్నరొట్టె ఏసిన. బిట్టు గడప కాడ నిలవడి, నాయన మొఖం దిక్కు చూడకుంటనే అన్నడు.

"బాపూ, గీ వంద సీసీ బండి ఇచ్చేసి నూట అరవైది తీస్త. బాన్సువాడల మునీర్ భాయ్ పాతది తీసుకుంటనన్నడు. మిగిలింది నా జీతంలకెల్లి నేనే కడ్త."

బాలకృష్ణ తుంపిన రొట్టెముక్క మళ్ల పళ్లెంల పెట్టిండు. "ఏమైంది గా బండికి? గుర్రం లెక్క ఉరుకుతున్నది గద."

"అది నేర్చుకునేటోళ్ల బండి బాపూ. నా నేర్చుకునుడు అయిపోయింది."

"అయిపోయిందా?" అన్నడు బాలకృష్ణ. ఆ ఒక్క మాటకే బిట్టు తల కిందికేసిండు. తండ్రి ఊకోలే. "మీ అమ్మ పొయ్యి రెండేండ్లు నిండలే. నీకు ఫొటోలు దిగే బండి కావాల్నా? గాలి లెక్క పోయే బండి కావాల్నా? నలుగురు నా మొఖం మీద ఏమంటరురా?"

బిట్టు చెప్పులేసుకొని మిల్లుకు పోయిండు. వాడు నస్రుల్లాబాద్ దారిల ఉన్న రైసుమిల్లుల వడ్లు తూచే కాంట కాడ పని చేస్తడు. వాడు పోయినంక బాలకృష్ణ నా దిక్కు తిరిగిండు. "సంతకం పెట్టకు అమ్మా" అన్నడు.

బండి నా పేరు మీదున్నది మరి. గదీ ఒక కథనే. మా ఆయన ముత్తెన్న బతికున్నప్పుడు చెల్కల బోరు ఏసేటప్పుడు నాతోని కొబ్బరికాయ కొట్టిచ్చిండు. రెండుసార్లు ఎండిపోయిన కాడ మూడోసారి నీళ్లు ఎగజిమ్మినయి. గప్పటి సంది నా చెయ్యి మంచిదని పేరు పడ్డది. ట్రాక్టరు నా పేరు మీద తీసిండ్రు, బర్రె పలుపు నా చేతికిచ్చిండ్రు. బిట్టు ఇంటర్ పాసైనంక బండి కొంటే అది సుత నా పేరు మీదనే. అవ్వ పేరుంటే కలిసొస్తదని మా కోడలు రోజారాణియే పట్టువట్టింది. నేను మూడో తరగతి దాక పోయిన. నా సంతకం మూడక్షరాలు. గంగవ్వ. ఇప్పుడు ఆ మూడక్షరాలే తండ్రి కొడుకుల నడుమ అడ్డం పడ్డయి.

మూడు దినాలు బిట్టు నన్ను ఏం అడగలే. నా చుట్టు తిరిగిండు అంతే. పొయ్యిల కట్టెలు ఎగేసిండు, నా మందుల డబ్బ తెచ్చి దగ్గర పెట్టిండు. నేను ఎటూ చెప్పలే. నాకు సుత కోపమే ఉండె. తల్లి పోయిన పిలగానికి గిసొంటి షోకు ఏందని నా మనసుల నేను సుత తిట్టుకున్న.

నాలుగో దినం పక్కింటి హీరాబాయి వచ్చింది. ఆమె పుట్టిల్లు దెగ్లూర్ దిక్కు. నలభై ఏండ్లాయె ఈ ఊరికి కోడలై వచ్చి, ఇంక మాటల మరాఠీ పోలే. వచ్చుడు వచ్చుడే నేను బియ్యం ఏరుతున్న చేట జర పక్కకు నూకి కూసున్నది.

"అగ బాయీ గంగవ్వా, నీ మనుమనికి మస్తు గర్వం వచ్చింది. నేను ఎండల బస్సు కోసం నిలవడ్డ. చేయెత్తితే ఆగిండు, ఆగి వెనుక కట్టిన పాల క్యాను చూపెట్టిండు. జాగ లేదు పెద్దమ్మా అన్నడు. ముసల్దానికి లేని జాగ పాల క్యానుకున్నదా?"

"పనుండొచ్చు తియ్యవే."

"ఏం పని? మీ ఇంట్ల బర్రె ఏడున్నది?"

నా చేతుల బియ్యం అట్లనే ఆగినయి. నిజమే. రోజారాణి పోయినంక పాలు పిండేటోళ్లు లేక బర్రెను అమ్మేసినం. ఏడాదాయె. పాలు లేవు, కని ఖాళీ క్యాను మాత్రం బిట్టు బండి వెనుక సీటు మీద తాడుతోని కట్టే ఉంటది. మిల్లుకు పోయినా, అంగడికి పోయినా, చెల్కకు పోయినా కట్టే ఉంటది. మా ఊర్ల దారెంబడి పోతే చెయ్యెత్తనోళ్లు ఉండరు. క్యాను ఉంటే ఎవ్వరు ఎక్కుతనని అడగరు. నేను దినాం చూస్తున్న దాన్ని. చూస్తున్న గని ఎందుకని సోంచాయించలే.

హీరాబాయి పోయినంక ఆ చేట ముంగటనే మస్తుసేపు కూసున్న.

నాకు అన్నీ యాదికుంటయి. నా పెండ్లికి ఏం కూరలు వండిండ్రో చెప్త. ఏ యేడు నిజాంసాగర్ కాలువ నీళ్లు ఎన్నడు వచ్చినయో చెప్త. కొన్ని యాదికి రాకుంటే బాగుండు అనుకుంట, కని అవే ముందుగాల వస్తయి.

బండికి వెనుక చక్రం పక్కకు, ఎడమ దిక్కు, ఒక ఇనుప జాలి ఉంటది. ఆడోళ్లు ఒక పక్కకు కూసుంటే కొంగు, కుచ్చిళ్లు చక్రంల పడకుంట అడ్డం ఉండేతందుకు పెడ్తరు. కొత్త బండికి అది తప్పకుంట వస్తది. బిట్టు దాన్ని తీసిండు. వానికి అప్పుడు పంతొమ్మిదేండ్లు. దోస్తులందరు తీసిండ్రట, జాలి ఉంటే ముసలోళ్ల బండి లెక్కుంటదట. వాకిట్ల కూసొని తీస్తుంటే నేను ఇదే చేటల బియ్యం ఏరుతున్న. "అవ్వా, గా పానా అందియ్యి" అన్నడు. అందిచ్చిన. తీసినంక బండిని అటూ ఇటూ తిప్పి, "ఎట్లుందవ్వా?" అన్నడు. "పెండ్లికొడుకు లెక్కున్నది" అన్న.

గప్పుడు రోజారాణి లోపలికెల్లి వచ్చింది. చేతికి పిండి ఉన్నది. "గదెందుకు తీసినవ్‌రా? కొంగులు చిక్కుతయి" అన్నది.

నేనేమన్ననో చెప్త ఇనుండ్రి. "ఏం కాదు తియ్యే. మేము ఎడ్లబండ్ల మీద తిరిగిన నాడు మాకు ఎవ్వడు జాలి పెట్టిండు?" అన్న. అత్త అన్నంక ఆమె ఇంకేమంటది? లోపలికి పోయింది.

నెల దినాలకు ఆమె అక్క బిడ్డ ఫంక్షన్ ఉండె బిచ్కుందల. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు, జారుడు బట్ట. బస్సుల పోతనంటే నేనే అన్న, కొడుకు బండి ఉండంగ బస్సెందుకని. బిచ్కుంద ఇంక ఐదు కిలోమీటర్లు ఉందనంగ కొంగు చక్రంల పడ్డది. వెనుకకు పడ్డ మనిషి మళ్ల మాట్లాడలే. బాన్సువాడ దవాఖానకెల్లి నిజామాబాద్ తీస్కపొమ్మన్నరు. నడుమలనే పోయింది. బిట్టుకు మోచెయ్యి తోలు దోక్కపోయింది, గంతే.

జాలి ఏడ పోయిందని అందరు అడిగిండ్రు. రాయి తగిలి ముందే ఊడిపోయిందని, కొత్తది ఏపిద్దామనుకునే లోపల గిట్లయిందని చెప్పిండు. అందరు నొసటి రాత అన్నరు. నేను సుత అన్న. ఆమె పెద్దకర్మ అయిన మరునాడు బర్రెకు గడ్డి గుంజుతుంటే వాములకెల్లి జాలి నా చేతికి తగిలింది. ఎవ్వరు చూడకుంట గోనెసంచిల చుట్టి నా పెట్టెల, చీరల కింద పెట్టిన.

హీరాబాయి వచ్చి పోయిన దినం మాపటి పూట బిట్టు మిల్లుకెల్లి వచ్చి బండి తుడుస్తుంటే పోయి అరుగు మీద కూసున్న.

"కొత్త బండి మీద నేను కూసోవచ్చునారా?" అన్న.

"కూసోరాదవ్వా."

"ఎందుకు?"

"దాని వెనుక సీటు గింతే ఉంటది. పైకి లేచి ఉంటది. ఆడోళ్లు ఒక పక్కకు కూసుంటే నిలువరు. పట్టుకునేతందుకు కమ్మి సుత లేదు."

"మరి మనిషిని కూసోవెట్టుకోరాని బండి ఏం బండిరా?"

"గందుకే అవ్వా" అన్నడు.

తుడిచిన కాడనే మళ్ల తుడిచిండు. నాకు అప్పుడు సమజైంది. వానికి ఉరికే బండి వద్దు. వెనుక ఎవ్వరు కూసోరాని బండి కావాలె. మేమందరం షోకు అనుకున్నం.

లోపలికి పోయిన. పెట్టె తెరిచి గోనెసంచి తీసిన. తెచ్చి వాని ముంగట విప్పిన. జాలికి జర తుప్పు పట్టింది.

వాడు దాన్ని చూసి ముట్టలే. బట్ట చేతులనే ఉన్నది. "ఏడిదవ్వా ఇది?"

"నువ్వు దాచిన కాడిదే. గడ్డివాముల."

"ఎప్పటి సంది ఉన్నది నీ దగ్గర?"

"పెద్దకర్మ మరునాటి సంది."

"మరి ఎందుకు చెప్పలే?" చేతుల బట్ట కింద ఏసిండు. "రెండేండ్ల సంది నీ దగ్గర పెట్టుకొని... ఎందుకు కొట్టలే నన్ను?"

"నిన్ను కొడితే నా సంగతి సుత చెప్పాలె గద బిడ్డా" అన్న. పానా అందిచ్చింది, పెండ్లికొడుకు లెక్కున్నది అన్నది, అన్నీ చెప్పిన. వాళ్లమ్మ అన్న మాట చెప్పిన. నేను ఆమె నోరు మూపిచ్చింది చెప్పిన. "తీసింది నీ చెయ్యి. అందిచ్చింది నా చెయ్యి. మంచి చెయ్యి అని పేరున్నది దీనికి."

బిట్టు నా దిక్కు చూసిండు. "అమ్మ అన్నదా గట్ల? కొంగులు చిక్కుతయని అన్నదా?"

"అన్నది."

"నాకు యాదికి లేదవ్వా" అన్నడు. "నేను ఇనలే."

వాని బరువు సగం మోస్తనని పోయి ఇంకొక రాయి వాని నెత్తిన పెట్టిన. రెండేండ్ల సంది వానికి తెల్వని మాట అది. ఇగ బతికినన్ని దినాలు దాన్ని ఇనుకుంటనే ఉంటడు. చెప్పిన మాట మళ్ల గుంజుకుందామంటే వస్తదా?

ఇగ నేనే అన్న, "సంతకం పెడ్త. మీ బాపుకు నేను చెప్పుకుంట. కని ఈ జాలి బిగించినంకనే బండి ఇద్దాం."

"పాతది అమ్మేదానికి ఎందుకవ్వా?"

"కొన్నోడు వాని పెండ్లాన్నో, తల్లినో కూసోవెట్టుకుంటడు. ఆమెకు తెల్వది గద."

వాడు లేసి క్యానుకున్న తాడు విప్పిండు. క్యాను గోడ మూలకు పెట్టిండు. పానా తెచ్చి నా చేతికే ఇచ్చిండు. వాడు కింద కూసొని చెయ్యి చాపితే నేను అందిచ్చిన. రెండు బోల్టులు తుప్పుకు తిరగలే, నూనె పోసినం. జాలి రెండుసార్లు వాని చేతులకెల్లి జారి పడ్డది. ఆ సప్పుడుకు నేను దుంకిపడ్డ.

గప్పుడే బాలకృష్ణ చెల్కకెల్లి వచ్చిండు. వాకిట్ల నిలవడ్డడు. జాలిని చూసిండు, కొడుకును చూసిండు, తర్వాత నన్ను చూసిండు. గోనెసంచి కింద పడి ఉన్నది, దాని మీద జాలి అచ్చు తుప్పు రంగుల పడి ఉన్నది. అంత చూసినోనికి నేను చెప్పాల్సింది ఏమున్నది?

బిట్టు తల ఎత్తలే. ఎప్పుడు దెబ్బ పడ్తదా అని వీపు బిగవట్టి కూసున్నడు.

బాలకృష్ణ వాని నెత్తి మీదికెల్లి వంగి చూసిండు. "కింది బోల్టు గట్టిగ బిగియ్యి" అన్నడు. లోపలికి పోయిండు. ఆ దినం అన్నం తినలే. సంతకం సంగతి మళ్ల ఎత్తలే.

శుక్రవారం నాడు బాన్సువాడ పోయినం. బిట్టు బండి మీద ముందు పోయిండు, నేను ఆటోల వెనుక పోయిన. మునీర్ బండ్ల దుకాణం పాతదే. మా ఆయనకు వాళ్ల నాయన దోస్తు.

"సలాం అవ్వా, సంతకం పెట్టనీకె నువ్వే వచ్చినవా? ఏలుముద్రనా?"

"ఏలుముద్ర నీకు. నాకు సంతకం వస్తది" అన్న. వాడు నవ్విండు. మూడక్షరాలు రాసిన.

పాత బండి చుట్టు తిరిగి చూసిండు. "అరె, జాలి సుత ఉంచినవ్ బిట్టు. ఈ కాలంల ఎవడుంచుతడు?" అన్నడు. బిట్టు అటు దిక్కు చూసిండు. నేను కొంగుతోని మొఖం తుడుచుకున్న.

కొత్త బండి తెచ్చి నిలవెట్టిండ్రు. నల్లది. వెనుక సీటు నిజంగనే పిట్ట తోక లెక్క పైకి లేచి ఉన్నది. ఎడమ దిక్కు దానికి సుత ఒక జాలి ఉన్నది. మునీర్ ఒకరు చెప్పకముందే పానా పట్టుకొని కింద కూసున్నడు.

"ఇది తీసేస్త. అందరు ముందుగాల ఇదే తీపిచ్చుకుంటరు. దీంతోని బండి షోకంత పోతది."

"ఉండనీ భాయ్" అన్నడు బిట్టు.

"దీని మీద ఏ ఆడిమనిషి కూసుంటదిరా?"

"ఎవ్వరు కూసోరు. ఉండనీ."

మునీర్ నా దిక్కు చూసిండు. వాడు పానా పక్కకు పెట్టి లేసిండు.

బిట్టు నన్ను ఆటో ఎక్కించిండు. "పైలం పో అవ్వా" అన్నడు. ఎక్కు అంటడేమోనని నా మనసుల ఒక ఆశ ఉండె. ఎక్కరాదని నాకు ఎరుకే, అయినా ఉండె. వాడు అనలే. బండి చాలు చేసి మెల్లగ పోయిండు. గాలి లెక్క పోయే బండి అది, కని సైకిల్ లెక్క తోలిండు. మా ఆటోనే వాన్ని దాటి పోయింది.

నేను ఇంటికొచ్చి నీళ్లు తాగి అరుగు మీద కూసున్న. మస్తుసేపటికి వచ్చిండు. బండి నిలవెట్టి గోడ మూలకు పోయిండు. ఖాళీ క్యాను పట్టుకొచ్చి ఆ పిట్ట తోక సీటు మీద పెట్టిండు. అది నిలుస్తలేదు, ఇటు జారుతున్నది, అటు జారుతున్నది. తాడు రెండు వరుసలు తిప్పిండు.

"అవ్వా, జర పట్టుకో" అన్నడు.

పోయి క్యాను పట్టుకున్న. వాడు ముడి ఏసిండు.