గౌను మెడ దగ్గర చప్పుడు

టేపత్తయ్యను మెడలో టేపు లేకుండా ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. ముప్ఫై ఏళ్లుగా కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి. ఆసుపత్రిలో చేరిన రోజు నర్సు ఆ టేపు తీసి ఇంటికి పంపించెయ్యమంటే, మెడ బోసిపోయినట్టుగా రెండు మూడు సార్లు తడుముకుంది.

ఆమె గొంతులో గడ్డ లేస్తే ఆపరేషను చేసి థైరాయిడ్ గ్రంథి తీసేశారు. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అది కూడా పోవడానికి రేడియోధార్మిక అయోడిన్ గుళిక మింగాలన్నారు. మింగాక కొన్నాళ్లు ఒంటరి గదిలో ఉండాలి. మందు ఒంట్లో ఉన్నంతకాలం మనిషిలోంచి రేడియేషన్ వస్తూనే ఉంటుంది. చెమటలో, ఉమ్మిలో కూడా మందు దిగుతుంది. ఇదంతా డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. అత్తయ్యకు జబ్బు గురించి పెద్ద దిగులు లేదు. ఆమె కూతురికి నెలలు నిండాయి, అదీ దిగులు. కాన్పుకు పక్కన ఉండాల్సిన సమయంలో తను తలుపు వేసిన గదిలో ఉండాలి. గుళిక మింగే తేదీ మార్పించుకుంటానంటే కూతురు ఒప్పుకోలేదు.

"నువ్వు ముందు బాగుపడమ్మా. నన్ను చూసుకోవడానికి ఇంతమంది ఉన్నారు, నీ గుళిక నీ బదులు ఎవరు మింగుతారు?" అంది.

చేతులు ఊరికే ఉంచుకోవడం అత్తయ్య వల్ల కాదు. నిమ్మపండు రంగు మెత్తటి గుడ్డ ఒక మూర, సూది, దారం, నాలుగు గుండీలు సంచిలో పెట్టుకుంది. లోపలికి తెచ్చిన వస్తువు మళ్లీ బయటికి వెళ్తుందని మాట ఇవ్వలేమని నర్సు ముందే చెప్పింది. సరేనంది. రాబోయే బిడ్డకు గౌను కుడుతూ కూర్చుంటే దిగులు దగ్గరికి రాదని ఆమె నమ్మకం.

గుళిక మింగిన సాయంత్రం నుంచీ రోజూ ఒక అమ్మాయి వచ్చేది. చేతిలో రేడియేషన్ కొలిచే ఇటుకంత మీటరు. గుమ్మం దగ్గర, మంచానికి సరిగ్గా ఒక మీటరు దూరంలో నేల మీద అంటించిన పట్టీ వెనక నిలబడి, దాన్ని అత్తయ్య వైపు పట్టుకునేది. టిక్ టిక్ మంటూ అది పెనం మీద పోపు గింజల్లా చిటపటలాడేది. మొదటి రోజు రెండువందల పది. యాభై కంటే తగ్గితే ఇంటికి పంపిస్తామంది మీటరమ్మాయి.

జీవితమంతా ఊళ్లోవాళ్ల నడుములు కొలిచిన తనను ఇప్పుడు ఎవరో కొలుస్తున్నారని అత్తయ్యకు నవ్వొచ్చింది. తన దగ్గరికి వచ్చేవాళ్లు కూడా నడుము కొలత తగ్గాలనే కోరుకునేవారు. ఇక పట్టుదల పట్టింది. మంచినీళ్లు ఎంత తాగితే మందు అంత త్వరగా ఒంట్లోంచి పోతుందని చెప్పారు కదా, గంటకో సీసా ఖాళీ చేసింది. రెండో రోజు నూట ఇరవై. మూడో రోజు అరవై ఎనిమిది.

ఆ మూడో రోజు పొద్దున, గౌను మెడకు పట్టీ వేస్తుండగా, ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను మోగింది. అల్లుడు. మామూలుగా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఆ రోజు ఒక మాట కూడా పూర్తి చెయ్యలేకపోయాడు. ఆడపిల్ల అనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ అర్థం చేసుకోవడానికి అత్తయ్యకు కాసేపు పట్టింది. వెనక నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఫోను పెట్టేశాక ఆమె గదిలో అటూ ఇటూ నడిచింది, గోడతో చెప్పింది, కిటికీతో చెప్పింది. భోజనం పెట్టడానికి వచ్చిన మనిషికి తలుపు ఇవతలి నుంచే చెప్పింది.

నాలుగో రోజుకు గౌను పూర్తయింది, మీటరు ముప్ఫై ఒకటి చూపించింది. ఇంటికి వెళ్లొచ్చు. కానీ వెళ్లేముందు సంచిలోని ప్రతి వస్తువునూ పరీక్షించాలి. మీటరమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని, సంచిని పక్క గదికి తీసుకెళ్లి, ఒక్కొక్కటీ బల్ల మీద పరిచింది. అత్తయ్య రెండు గదుల మధ్య ఉన్న అద్దం కిటికీలోంచి చూస్తూ నిలబడింది. వస్తువుకు తగలకుండా, వేలెడు ఎత్తున, మీటరును మెల్లగా జరుపుతోంది. దువ్వెన దగ్గర ఎప్పుడో ఒక టిక్కు. కళ్లజోడు కాస్త గొణిగింది, కడిగి తుడిస్తే ఊరుకుంది. గౌను దగ్గరికి వచ్చేసరికి చప్పుడు పెరిగింది. అంచుల దగ్గర ఒక మోస్తరు. మెడ దగ్గరికి చేరగానే మీటరు ఒక్కసారిగా గోల పెట్టింది.

మీటరమ్మాయి మళ్లీ వెనక్కి జరిపి చూసింది. మెడ దగ్గరే. చేతి చెమట అయితే గుడ్డంతా ఒకేలా ఉండాలి, ఇక్కడే ఎందుకింత ఉందో అర్థం కావడం లేదని చెప్పింది. ఎలా కుట్టారో ఒకసారి చేసి చూపించమని అద్దంలోంచి అడిగింది.

అత్తయ్య చేతిలో సూది లేదు, దారం లేదు. ఉన్నట్టే పట్టుకుంది. ఎడమ చేత్తో సూది, కుడి చేత్తో దారం కొస, ఆ కొసను నోట్లో పెట్టి తడిపి, మొన చేసి...

చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. మెడ పట్టీకి సన్న కుట్లు, పొట్టి దారాలు. అడుగడుగునా దారం ఎక్కించాలి. ఎన్ని కొసలు తడిపిందో లెక్కే లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది మీటరమ్మాయే. ఆ తర్వాత అత్తయ్య నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

నవ్వు తగ్గాక, పోతే పోనిలే, ఇంకోటి కుడతాను అంది అత్తయ్య. అన్నదే గానీ గౌను మీంచి చూపు తిప్పుకోలేదు.

మీటరమ్మాయి తల అడ్డంగా ఊపింది. "పారెయ్యక్కర్లేదు అత్తయ్యగారూ. ఈ మందు ఎనిమిది రోజులకు సగమవుతుంది, ఇంకో ఎనిమిది రోజులకు అందులో సగం. రేడియేషన్ బయటికి రాని మా సీసం గదిలో ఎనభై రోజులు ఉంచితే చాలు. పైన మీ పేరు రాసి పెడతాను."

అత్తయ్య మనసులోనే ఒక గుడ్డను పదిసార్లు మడిచి చూసింది. చివరికి గోరంత కూడా మిగల్లేదు. ధైర్యం వచ్చింది.

ఇంటికి వెళ్లాక మూడు వారాలు పసిబిడ్డకు దూరంగా ఉండాలన్నారు. అల్లుడు వసారాలో సుద్దముక్కతో గీత గీశాడు. గీతకు అవతల కూతురు బిడ్డను ఎత్తుకుని కూర్చునేది, ఇవతల అత్తయ్య పీట వేసుకుని కూర్చునేది. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని గీత మీదుగానే వాదించుకునేవారు. ఇరవై రెండో రోజు పొద్దున కూతురే గీత దాటి వచ్చి, బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది. ఆ రోజు అత్తయ్య కుట్టు దుకాణం తెరవలేదు. బట్టల కోసం వచ్చినవాళ్లంతా వసారాలోనే బిడ్డను చూసి, బట్టల సంగతి మర్చిపోయి వెళ్లారు.

ఎనభై ఒకటో రోజు అత్తయ్య, కూతురు, బిడ్డ ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. మీటరమ్మాయి సంచి విప్పి, గౌను బల్ల మీద పరిచి, మెడ దగ్గర మీటరు పట్టింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక టిక్కు. ఖాళీ బల్ల మీద పట్టినా అంతేనని పట్టి చూపించింది. చెల్లాచెదురుగా గాలిలో ఎప్పుడూ ఉండే రేడియేషనేనట అది.

అక్కడే, ఆ వరండాలోనే, బిడ్డకు గౌను తొడిగారు. చేతులు ఎలాగో దూరాయి. వెనక గుండీలు మాత్రం కాజాలకు జానెడు దూరంలో ఉండిపోయాయి. పిల్ల అంత బొద్దుగా పెరిగింది. అలాగే, వీపు బయటికి కనిపిస్తూ, బస్సెక్కించారు. పక్క సీటులో ఉన్న ఆవిడ, ఇంత చక్కటి కుట్టు ఎవరు కుట్టారని అడిగింది. టేపత్తయ్య గుళిక దగ్గర్నుంచి కథ మొదలుపెట్టింది. సీసం గది దాకా వచ్చేసరికి వాళ్లు దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులయింది. చివరికి దిగి, ఎండలో వెనక్కి నడుస్తుంటే, "ఆవిడకు సుద్ద గీత సంగతి చెప్పనే లేదు" అని అత్తయ్య దారంతా నొచ్చుకుంటూనే ఉంది.