ముందు వరుసలో కూర్చుంటే చాలు

నోట్లో రెండు క్లిప్పులు పట్టుకుని ప్రొఫెసరు బాల్కనీ తీగ మీద తువాలు ఆరేస్తోంది. అప్పటికే ఒకసారి వేసి, తీసి, మళ్ళీ దులిపింది. లోపల ఆమె అన్నయ్య ముందున్న కాఫీ చల్లారిపోతోంది.

"ఆ తువాలు ఈ జన్మకి ఆరుతుందంటావా?" అంది అమ్మ, చిక్కుడు గింజలు ఒలుస్తూ. "వాడికి కోర్టు టైమవుతోంది."

అన్నయ్య దర్జీ. నాన్న తర్వాత కొట్టు ఆయనే నడుపుతున్నాడు. ఖాళీ చెయ్యమని యజమాని వేసిన దావాలో ఇవాళ ఆఖరి వాదనలు. వినబోయే జడ్జి ఒకప్పుడు ప్రొఫెసరు దగ్గర చదువుకున్నవాడు.

"నిన్నేమీ వాదించమనట్లేదు. ముందు వరుసలో కూర్చుంటే చాలు. ఆయన కంట పడితే చాలు."

"అదే వద్దంటున్నాను అన్నయ్యా."

"వద్దనక ఏం చేస్తావులే. లా ఎంట్రన్సుకి ఇద్దరం ఒకే బల్ల దగ్గర చదివాం. సీటు నీకొచ్చింది, సూది నాకొచ్చింది."

నవ్వుతూనే అన్నాడు. అమ్మ మాత్రం ఒలవడం ఆపి ఇద్దరి మొహాలూ చూసింది.

సీటు వచ్చాక ప్రొఫెసరు డిగ్రీలో బంగారు పతకం తెచ్చుకుంది. పీజీ అయ్యాక ఒక సీనియరు లాయరు దగ్గర జూనియరుగా చేరింది. అప్పుడు వేసుకున్న నల్ల గౌను అన్నయ్య కుట్టిందే. ఏడాది తిరక్కుండానే లా కాలేజీలో ఉద్యోగం దొరికింది. జీతానికి పాఠం చెప్పేవాళ్ళు కోర్టులో వాదించకూడదంటే లైసెన్సు తిరిగి ఇచ్చేసింది. కక్షిదారుతో ఎలాంటి బంధం ఉంటే న్యాయమూర్తి కేసు వదులుకోవాలన్నది ఆమె డాక్టరేటు విషయం. ఏటా కొత్త పిల్లలకి అదే పాఠం మొదటగా చెబుతుంది.

ఆమె లోపలికి వచ్చింది. కూర్చోలేక నిలబడింది, నిలబడలేక బల్ల దగ్గరికి నడిచింది. గిన్నెలోంచి మూడు గింజలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది జడ్జి. ఇది నువ్వు. ఇది నేను."

"నా చిక్కుళ్ళతో కూడా పాఠమేనా?" అంది అమ్మ.

"నన్ను చూడగానే ఆయన నీవైపు మొగ్గుతాడనుకుంటున్నావు. మొగ్గడు. ముక్కుసూటి మనిషి. మా టీచరుగారి అన్నయ్య కేసు నేను వినకూడదని అక్కడికక్కడే పక్కన పెట్టేస్తాడు."

అన్నయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పెడితే?"

"ఇంకో జడ్జికి వెళ్తుంది. వాదనలు మళ్ళీ మొదటికొస్తాయి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆర్నెల్లు. ఏడాదైనా ఆశ్చర్యం లేదు."

"అందాకా కొట్టు?"

"నీ దగ్గరే ఉంటుంది."

ఒకదాని వెంట ఒకటి ఇంత చక్కగా అడిగేవాళ్ళు ఆమెకి ఈమధ్య క్లాసులో దొరకలేదు. చెబుతున్నకొద్దీ గొంతులో ఉత్సాహం వచ్చింది.

"ఓడిపోతామని మా లాయరు ఎప్పుడో చెప్పేశాడు," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "నువ్వు రాకపోయినా, ఫలానావారి అన్నయ్యనని నేనే లేచి చెబితే?"

ప్రొఫెసరు జడ్జి గింజ వైపు చూసింది. వదులుకుంటాడు. కచ్చితంగా వదులుకుంటాడు. అలా వదులుకోవాలని బల్ల గుద్ది నేర్పింది తనే. అవతలి లాయరూ తన శిష్యుడే. టీచరమ్మ ఇంట్లో కూర్చుని అన్నయ్యకి వాయిదా కిటుకు చెప్పి పంపిందని సాయంత్రానికల్లా కోర్టంతా చెప్పుకుంటారు. చెప్పలేదని తను అనగలదా?

"అబద్ధమేం కాదు కదా, చెప్పనీ," అంది అమ్మ.

"అమ్మా, నువ్వుండు." ఆమె గబగబా బల్ల మీది గింజలు పోగుచేసింది. ఒకటి జారి కింద పడింది. "అన్నయ్యా, చుట్టరికం దాచమని అనను. కానీ వాయిదా కోసం దాన్ని వాడుకోవడం... నా పేరు..."

"నీ పేరా?" అన్నాడు ఆయన. "నాది కొట్టు."

ఆమె బాల్కనీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. చల్లారిన కాఫీ కప్పు అందుకుని, మళ్ళీ అక్కడే పెట్టింది. చెప్పొద్దంటే కొట్టు పోతుంది. చెప్పమంటే పాతికేళ్ళుగా చెబుతున్న పాఠం పోతుంది.

"చెప్పనా?" అని అన్నయ్య అడుగుతాడేమోనని చూసింది. ఆయన అడగలేదు. లేచి చొక్కా సర్దుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.