రెడ్ సిగ్నల్ వచ్చిన ఆదివారం

ఇట్లా నా పక్కకు జరుగు వళ్లీ. ఆ రేడియో కాస్త తగ్గించు. మీ ముత్తవ్వ రుక్మిణమ్మ, అదే మా అత్త, సంగతి ఒకటి చెప్తాను.

ఎనభై మూడో సంవత్సరం. తిరుత్తణిలో మా నేతగాళ్ల వీధి. నాకు పందొమ్మిదేళ్లు, కాపురానికి వచ్చి ఏడాది. మా ఇంటి ఎదుట ధనకోటి అన్న టీ అంగడి. ఆయన టేపురికార్డరులో అరక్కోణం రైల్వే కాలనీ పిల్లల బ్యాండు మోగేది. దాని పేరు రెడ్ సిగ్నల్. ఇంగ్లీషు పాటలు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఆ డ్రమ్ములు మొదలైతే నా చేతిలో బిందె ఉందనే మరిచిపోయేదాన్ని.

ఆ బ్యాండు ఆదివారం పదిగంటలకు బడి మైదానంలో వాయిస్తుందని ధనకోటి అన్నే చెప్పాడు. అదే ఆదివారం పొద్దున వీధిలో పడుగుకు గంజి పెట్టే వంతు మాది! పడుగు అంటే చీరకు నిలువు నూలు. వీధి పొడవునా చాచి కుంచెతో గంజి పట్టించాలి. ఒక తడవ పెట్టి, అది ఇంకాక రెండో తడవ. ఆరేదాకా కొసన తాడు బిగువు చూస్తూ ఒకరు నిలబడే ఉండాలి.

అత్త వచ్చేలోపు నేను ఒక తడవే పెట్టాను.

"రెండూ అయినాయత్తా" అన్నాను. మీ తాత నాగలింగం అన్నీ చూసి కూడా ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నాడు.

అత్త నూలును బొటనవేలితో ఒక్కసారి నిమిరింది.

"సెల్లమ్మా, ఎవురికి చెప్తాండావే ఈ కత? ఇది ఒక తడవ నూలు. రేపు మగ్గం మీద పుటుక్కు పుటుక్కున తెగితే మీ నాయనొచ్చి ముడేస్తాడా?"

నాకు ఏడుపొచ్చింది. ధనకోటి అన్న గ్లాసులు కడుగుతూనే అందుకున్నాడు.

"అక్కా, ఆ పాటగాళ్లు వచ్చుండారు గదా, దానికే తొందర. దినమూ మా అంగడి ముందర బిందె పట్టుకొని నిలబడిపోతాది."

"పాటకా? పాట కోసరం పడుగు పాడుజేస్తావా?"

"తప్పయిపోయిందత్తా."

"కుంచె తీసుకో ముందు."

రెండో తడవ మొదలుపెట్టాం. పది దాటింది. మైదానం నుంచి డ్రమ్ములు వినబడ్డాయి, గుండెలో ఎవరో గుద్దినట్టు. నా కుంచె వాటితో పాటు పరుగెత్తింది.

"మెల్లగా! నూలు లేస్తాది" అని అత్త గదిమింది. నేను తల ఎత్తలేదు.

గంజి పెట్టడం అయ్యింది. ఇక నిలబడటమే. నేను కొసన తాడు పట్టుకున్నాను. అత్త వచ్చి నా చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"పో."

"నీకు మోకాళ్లు నొప్పి గదత్తా, ఎండలో…"

"మోకాళ్లు నావి. నీకేం? పో, వాళ్లు మూట గట్టేస్తారు."

చేతికి గంజి ఎండిపోతుండగానే పరుగెత్తాను. నాకు దక్కింది చివరి పాట ఒక్కటే. జనంలో దూరి ముందుకు పోయాను. డ్రమ్ములాయన బక్కగా, చొక్కా తడిసిపోయి ఉన్నాడు. అంత ఉరుము చేతులదే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదు వళ్లీ, కాలిది! కింద చిన్న తొక్కుడు కర్ర, దాన్ని తొక్కితే పెద్ద డ్రమ్ము మోగుతోంది. ఆ కాలి మీది నుంచి చూపు తిప్పలేకపోయాను. పాట ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు.

తిరిగి వచ్చేసరికి అత్త అక్కడే ఉంది, ఒక కాలి మీద బరువు వేసి, తాడు పట్టుకొని.

"చూసినావా?"

"ఒక పాట."

"ఎట్లుండారు?"

"ఒకాయన కాలితో తొక్కతా వాయిస్తాడత్తా. మగ్గం మీద మన మాదిరే."

"కాలితోనా?" అత్త తాడు రెండో చేతికి మార్చుకుంది. "అయితే వాళ్లకూ సాయంత్రానికి పిక్కలు నొప్పులే, పాపం."

ఆ బ్యాండు పేరు నువ్వు మరిచిపోయినా ఫరవాలేదు. తాను వినని పాట కోసం రుక్మిణమ్మ ఎండలో నిలబడిందని మాత్రం గుర్తుపెట్టుకో. నీకు కూతురు పుడితే, దానికీ చెప్పు తల్లీ.